జీఎస్టీ సంగతి తర్వాత, ముందు ఉద్యమ్

ఉద్యోగం మానేసి సొంతంగా కాంట్రాక్టు పనులు చేసుకుంటానని ఎవరైనా అంటే చాలు, చుట్టూ ఉన్నవాళ్లు "ముందు జీఎస్టీ నంబర్ తీసుకో" అంటారు. చాలామందికి ఇది అనవసరమైన తొందర. సేవలు అందించేవాళ్లకు తెలంగాణలోనైనా, ఆంధ్రప్రదేశ్‌లోనైనా ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితేనే ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నేరుగా పని ఇచ్చే క్లయింట్ బెంగళూరులో ఉన్నా ఇదే లెక్క. నంబర్ తీసుకున్నాక మాత్రం పైసా రాబడి లేకపోయినా రిటర్న్ వేయాల్సిందే. మరిచిపోతే రోజుకు 20 రూపాయల ఆలస్య రుసుము.

జీఎస్టీ లేకపోతే పెద్ద కంపెనీలు వెండర్‌గా తీసుకోవని ఆడిటర్లు చెబుతారు. కొన్నిచోట్ల నిజమే. ఆ పని అంత ముఖ్యమైతే తీసుకోండి, ఎవరూ వద్దనరు. కాకపోతే అది ఆ కంపెనీ అకౌంట్స్ వాళ్ల సౌకర్యమే తప్ప చట్టం పెట్టిన షరతు కాదు.

నిజంగా మన చేతికి బలమిచ్చే కాగితం, చిన్న సంస్థలను కేంద్ర ప్రభుత్వం నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్. 2020 జులై నుంచి ఉంది. ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో ఉచితంగా అయిపోతుంది (డబ్బులడిగే వెబ్‌సైట్లన్నీ దళారులవే). ఇంట్లో లాప్‌టాప్ పెట్టుకుని డిజైన్లు చేసే మనిషి కూడా చట్టం దృష్టిలో సూక్ష్మ సంస్థే. ఆ హోదా వస్తే 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) చట్టం మన వెనక నిలబడుతుంది. ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజుల్లోపు బిల్లు చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే 'బ్యాంక్ రేటు'కు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. పైగా గడువులోపు చెల్లించని బిల్లును, నిజంగా డబ్బు ఇచ్చేదాకా, కంపెనీ తన ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోలేదు. 2023 బడ్జెట్ తెచ్చిన ఈ నిబంధన అకౌంట్స్ విభాగాలకు పెట్టిన టెన్షన్ అంతా ఇంతా కాదు. "వచ్చే నెల చూద్దాం" అనే మేనేజర్‌కు ఇన్వాయిస్ మీద ఉద్యమ్ నంబర్ కనిపించాలి. ఒక్క జాగ్రత్త: పని మొదలుపెట్టక ముందే నమోదు చేసుకోండి, ఆ తర్వాత చేసుకుంటే పాత బిల్లులకు ఇది వర్తిస్తుందన్న భరోసా లేదు.

అసలు పేచీ ఇంకోచోట ఉంది. ఈ కాగితాలన్నీ సిద్ధం చేసుకుంటున్నవాళ్లలో నిజంగా స్వతంత్రులు ఎందరు? ఉదయం పదింటికి లాగిన్ అవ్వాలి, సెలవు కావాలంటే మేనేజర్‌ను అడగాలి, లాప్‌టాప్ కంపెనీది, బయటి పని ఒప్పుకోకూడదు. అయినా ఒప్పందంలో మాత్రం "కన్సల్టెంట్". నెలనెలా 10 శాతం టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి ఇస్తే పీఎఫ్, గ్రాట్యుటీ బాధ్యత తప్పిపోయిందని కంపెనీ ధీమా.

ఆ ధీమాకు యాభై ఏళ్ల కిందటే, మన ప్రాంతం నుంచి వెళ్లిన కేసులోనే, సుప్రీంకోర్టు గండి కొట్టింది. సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసులో కుట్టిన ముక్కకు ఇంత అని కూలీ తీసుకునే దర్జీలు తన ఉద్యోగులు కారని యజమాని వాదించాడు. కుట్టుమిషన్లు దుకాణానివి, కుట్టు నచ్చకపోతే విప్పి మళ్లీ కుట్టమనే హక్కు యజమానిది. కాబట్టి వాళ్లు ఉద్యోగులేనని 1973లో కోర్టు తేల్చింది. కుట్టుమిషన్ స్థానంలో లాప్‌టాప్ పెట్టి చూడండి, ఐటీ కారిడార్‌లో ఎంతమంది కన్సల్టెంట్లు మిగులుతారో.

ఉద్యోగులను ఇలా కన్సల్టెంట్లుగా చూపే కంపెనీలను పట్టుకోవడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ఒకే పాన్‌కు, ఒకే కంపెనీ నుంచి, ఏడాది పొడవునా, ప్రతి నెలా అదే మొత్తం వెళుతోందని టీడీఎస్ రిటర్నులే చెబుతాయి. ఆ వివరాలు ఆదాయపు పన్ను శాఖ దగ్గర ఉన్నాయి. పీఎఫ్ కార్యాలయం వాటిని అడిగి తీసుకుని, ఆ కంపెనీలకు నోటీసులు పంపాలి.