బస్సు సీటు మీద వాలిన దస్తీ గారికి

దస్తీ గారూ, అదే చేతిరుమాలు గారూ,

హన్మకొండ బస్టాండులో ములుగు పోయే పల్లె వెలుగు ప్లాట్‌ఫారం వైపు ఇంకా మలుగుతూనే ఉంది. మీరు అప్పటికే కిటికీ కమ్మీల సందులోంచి దూరి ముగ్గురి సీటు మీద పరుచుకున్నారు. మిమ్మల్ని విసిరినాయన వెనక టైరు దగ్గరే ఉండి "సీటు బ్లాక్ చేసిన" అని మీసం దువ్వుతున్నాడు. మేం వాలీబాల్ ఆడేవాళ్ళం, ఆడించేవాళ్ళం. మా ఆటలో బ్లాక్ అంటే నెట్ దగ్గర ఎగిరి, అవతలివాళ్ళ బంతిని చేతులతో అడ్డుకోవడం. ఆ మాట వాడుకున్నాక దాని రూల్సు కూడా మోయాలి కదండీ.

సర్వీసును బ్లాక్ చేయొద్దని 1984 ఒలింపిక్స్ తర్వాత నిషేధం వచ్చింది. బస్సు ప్లాట్‌ఫారం మీదికి రావడమంటే సర్వీసు పడటమే. ఆగని బస్సులోకి దూకిన మీరు అక్కడే ఫౌల్.

పోనీ, బస్సు ఆగిందనుకుందాం. మగవాళ్ళకు 2.43 మీటర్లు, ఆడవాళ్ళకు 2.24 మీటర్ల ఎత్తున నెట్ ఉంటుంది. బ్లాకర్ చేతులు దాని మీంచి అవతలికి పోవచ్చు, తప్పు లేదు. కానీ ఎదుటివాళ్ళు అటాక్ కొట్టాకే అక్కడ బంతిని తాకాలి. వాళ్ళ సెట్టర్, గట్టిగా కొట్టే తన స్పైకర్‌కు లేపుతున్న బంతిని అవతలే ముట్టుకుంటే విజిల్. మీరేమో దిగాల్సిన అవ్వ గంప సర్దుకుంటుండగానే ఆమె ఒళ్ళో పడ్డారు. ఆమె ఆట అయిపోనేలేదు!

ఇక అసలు పేచీ, బ్లాక్ ఎవరు చేయాలన్నది. ముందు వరసలోని ముగ్గురే, అంటే 2, 3, 4 స్థానాల వాళ్ళే. వెనక వరసవాడు ముందువాడితో కలిసి నెట్ పైకి చేతులెత్తితే, బంతి ముందువాడి చేతికే తగిలినా ఆ జట్టుకు ఫౌలే. వెనక వరసలోనే ఆడే లిబెరోకైతే బ్లాక్‌కు ప్రయత్నించే హక్కు కూడా లేదు. మిమ్మల్ని విసిరేదేమో గుంపులో అందరికన్నా వెనకున్నాయన. ఒక్కోసారి ప్రయాణమే లేని, సాగనంపడానికొచ్చిన బామ్మర్ది. ఆయన అచ్చమైన లిబెరో. స్త్రీలకు కేటాయించిన సీట్లలో మగాయన దస్తీ పడితే అది నెట్ అంచున నిలబెట్టే హద్దు కర్ర, అంటే యాంటెనా, దాని అవతల చేసిన బ్లాక్, చర్చే అక్కర్లేదు.

ఒక్క రూలు మాత్రం మీవాళ్ళకు బాగా వంటబట్టింది. బ్లాక్‌లో తగిలిన టచ్ లెక్కలోకి రాదు, ఆ తర్వాత మూడు టచ్‌లు మిగిలే ఉంటాయి. మీ వెనకాలే భార్య, పిల్లగాడు, బియ్యం సంచి దిగబడతారు.

పనితనమూ అంతంతే. మంచి బ్లాకర్ వేళ్ళు విప్పి బిగబడతాడు, మణికట్టు వదలడు, భుజాలను నెట్ అవతలికి నెడతాడు. అంచున నిలబడ్డవాడు బయటి చేతిని కోర్టు లోపలికి తిప్పుతాడు. లేకుంటే స్పైకర్ ఆ చేతికే తగిలించి బంతిని బయటికి కొట్టి పాయింటు గుంజుకుంటాడు. ఎత్తుగా లేచిన సెట్‌కు స్పైకర్ కంటే ఒక క్షణం ఆగి ఎగరాలి. తొందరపడ్డవాడు దిగుతుంటే బంతి పైనుంచి పోతుంది. మీకు బిగువూ లేదు, బరువూ లేదు. డ్రైవర్ గేరు మార్చకముందే సీటు కింద ఉంటారు. లేదా ఎవరో రెండు వేళ్ళతో తీసి ముందు సీటు కమ్మీకి తగిలించి, తాపీగా కూర్చుంటారు. వాళ్ళు కొట్టింది స్పైక్ కూడా కాదు, వేళ్ళతో మెల్లగా తోసే ఉత్త టిప్పు.

మీకు న్యాయమైన చోటు లేకపోలేదు. కూర్చుని, టికెట్ తీసుకున్నాయన మధ్యలో బస్సు ఆగినచోట మిర్చిబజ్జీకి దిగినప్పుడు మీరుండొచ్చు. ముందే ఎక్కిన మనవడు, అప్పుడే మెట్టు మీద కాలుపెట్టిన నానమ్మ కోసం పక్క సీట్లో పరిస్తే అదీ ఒప్పే: వాడు ముందు వరసవాడు, ఆమె ఆటలో ఉంది. ఒక్క దస్తీకి ఒక్క సీటు. మూడు సీట్లకు తువ్వాల పరిచే మీ పెద్దన్నకు కూడా ఈ మాట చెప్పండి.

బ్లాక్ ఫౌల్‌కు రిఫరీ చూపే సైగ తెలుసుగా? రెండు చేతులూ నిటారుగా పైకెత్తి, అరచేతులు ముందుకు పెడతాడు. మీ పుణ్యాన సీటు దొరకనోళ్ళంతా పై కమ్మీ పట్టుకుని, ములుగు దాకా అదే సైగ చూపిస్తున్నారు.

ఇట్లు,
నిలబడ్డ రిఫరీలు