సూత్రానికి ముందే ప్రమేయం

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపూరు వైపు తెలుగు పిల్లలకు మనవాళ్లు కొందరు సెలవు రోజుల్లో వీడియో ద్వారా లెక్కలు చెబుతున్నారు. వారికి నాదొక విన్నపం. ప్రమేయాల (ఫంక్షన్ల) పాఠాన్ని సూత్రంతో మొదలుపెట్టకండి. ‘ఎక్స్‌ను రెట్టింపు చేసి మూడు కలుపు’ అని మొదలుపెడితే ప్రమేయమంటే సమీకరణమేనన్న అభిప్రాయం పిల్లల్లో నాటుకుపోతుంది. తర్వాత ‘వై సమానం నాలుగు’ అని రాసి ఇది ప్రమేయమా అని అడిగితే, ఎక్స్ లేదు కాబట్టి కాదంటారు. వృత్త సమీకరణం చూపిస్తే, ఎక్స్, వై రెండూ ఉన్నాయి కాబట్టి అవునంటారు. రెండు జవాబులూ తప్పే.

బస్సు ఛార్జీల పట్టిక తీసుకోండి. పర్లాకిమిడిలో ఎక్కితే గుణుపూరు దాకా ప్రతి స్టాపుకూ ఒక ఛార్జీ ఉంటుంది, ఏ స్టాపుకూ రెండు ఉండవు. ప్రమేయం కావడానికి అంతకు మించి ఏమీ అక్కర్లేదు. పక్కపక్క ఊళ్లకు ఒకే ఛార్జీ ఉన్నా ఇబ్బంది లేదు. ఇప్పుడు తిప్పి అడగండి: ఛార్జీ మాత్రమే చెబితే దిగే ఊరు చెప్పగలవా? ఆ రెండు ఊళ్ల దగ్గర పిల్లవాడు ఆగిపోతాడు. అన్వేక ప్రమేయం, అంటే ఏ రెండింటికీ ఒకే విలువ రాని ప్రమేయం, గురించి చెప్పాల్సింది సరిగ్గా అప్పుడే. అంతకుముందు చెబితే బట్టీ పడతాడు.

తర్వాత మహేంద్రతనయ నది. వానాకాలంలో ఒక రోజు నీటిమట్టం పెరిగి తగ్గిన తీరును గ్రాఫు కాగితం మీద గీయించండి. ఆ వక్రానికి సూత్రమేదీ లేదు. అయినా ఏ క్షణానికైనా మట్టం ఒక్కటే. ఎక్కడ నిలువు గీత గీసినా అది ఆ వక్రాన్ని రెండు చోట్ల ఎందుకు తాకదో పిల్లలే చెబుతారు.

సూత్రం లేకుండా ప్రమేయాన్ని చూడడమనే ఈ మలుపు గణితమే తిరగడానికి చాలా కాలం పట్టింది. 1748లో గణితవేత్త ఆయిలర్ ఇచ్చిన నిర్వచనంలో ప్రమేయమంటే ఒక గణిత సమాసమే, అంటే సూత్రంలా రాసేదే. ఎక్స్ ప్రతి విలువకూ వై విలువ ఒక్కటి ఉంటే చాలు, సూత్రం ఉండనక్కర్లేదని మరో గణితవేత్త డిరిక్లే స్పష్టంగా చెప్పింది 1837లో. పదహారేళ్ల పిల్లను ఒక్క పీరియడ్‌లో దాన్ని దాటమనడం అన్యాయం.

బడిలో వాళ్లు ఒడియాలో నేర్చుకున్న పదాలను మార్చకండి. కారణం మాత్రం ఇంటి భాషలో చెప్పనివ్వండి. సవర పిల్లలకు సవర భాషలోనే వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి.

మొదటి రెండు పాఠాలూ ఏది ప్రమేయమో గుర్తుపట్టడానికే కేటాయించండి. ఇచ్చే ఉదాహరణల్లో సగం ప్రమేయాలు కానివి ఉండాలి. అవును, కాదు అన్నందుకు మార్కు వేయకండి, ఎందుకో చెప్పినందుకు వేయండి. సూత్రాలు మూడో పాఠంలో మొదలుపెట్టవచ్చు.