ఆ ముక్కు పక్కన గీత లేదు

సాయంత్రం నుంచి కోపం చల్లారడం లేదు. రామంతాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ వార్షికోత్సవం. ఇంట్లోవాళ్ళు పట్టుబడితే నా తైలవర్ణ చిత్రాన్ని కింది హాల్లో పెట్టాను. ఒక పెద్దాయన దాని ముందు నిలబడనైనా లేదు. "ఇది కాపీయే కదమ్మా! సొంతంగా ఏమైనా వేశావా?" అని అడిగి, జవాబు వినకుండానే భోజనాల వైపు వెళ్ళిపోయారు.

అవును, కాపీయే. డచ్ చిత్రకారుడు వెర్మీర్ 1665 ప్రాంతంలో వేసిన ముత్యపు చెవిపోగు అమ్మాయి. నాలుగు నెలలు వేశాను. వానాకాలం కావడంతో ఒక్కో పొర ఆరడానికే వారం పట్టేది. ఆ అమ్మాయి ముక్కుకూ అవతలి చెంపకూ మధ్య గీత లేదు. బొమ్మను ఎన్నిసార్లు చూసినా నాకు అది తెలియలేదు. మూడు వారాలు ఆ గీత వేయడం, కత్తితో గీకేయడం. ఒకే రంగు ముక్కు మీది నుంచి చెంపలోకి జారిపోతుందనీ, అంచును మన కన్నే కల్పించుకుంటుందనీ చెయ్యి చెబితేనే తెలిసింది. ముత్యానికి కొక్కెం కూడా లేదు. పైన ఒక తెల్లని మెరుపు, కింద తెల్ల కాలరు ప్రతిబింబం, అంతే! ఇదంతా కాపీ కొట్టడమేనా?

అదే హాల్లో, అదే సాయంత్రం, పక్కింటి పాప త్యాగరాజ కీర్తన పాడింది. చక్కగా పాడింది, నేనూ చప్పట్లు కొట్టాను. సొంత కీర్తన ఏదని ఆ పాపను ఎవరూ అడగలేదే? ఫ్లెమిష్ చిత్రకారుడు రూబెన్స్ 1628లో మాడ్రిడ్ వెళ్ళి, తనకు ముందుతరం ఇటలీ చిత్రకారుడు టిషియన్ చిత్రాలకు నకళ్ళు వేసుకున్నాడు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి, ఐరోపా అంతా పేరుంది. ఆయనకు లేని నామోషీ నాకెందుకు?

ఈ మాట నాకు కొత్త కాదు. ఎనిమిదో తరగతిలో మా డ్రాయింగ్ పీరియడ్‌ను ఏడాది పొడవునా లెక్కల మాస్టారే తీసుకున్నారు. క్యాలెండర్ మీది రవివర్మ లక్ష్మిని నోటుపుస్తకం చివర గీసుకుంటే, ఆ కాగితం చింపి, "చూసి గీయడం కూడా ఒక విద్యేనా?" అని తరగతి ముందు నిలబెట్టారు. ఆ రవివర్మ తైలవర్ణాలు నేర్చుకున్నది తిరువనంతపురం ఆస్థానంలో జెన్సన్ అనే చిత్రకారుడు వేస్తుంటే చూసే! ఇది నాకు ముప్పై ఏళ్ళ తరువాత తెలిసింది. అప్పుడే తెలిసి ఉంటే ఆ కాగితాన్ని చింపనిచ్చేదాన్ని కాదు.

బొమ్మను ఇందాకే పైకి తెచ్చేసుకున్నాను. పెదవి మూలన ఆ గులాబీ రంగు తడి మెరుపు ఇంకా కుదరలేదు. రేపు ఉదయం వెలుగు రాగానే కూర్చుంటాను.