హెర్బర్ట్ వియానా గిటార్ గురించి మాట్లాడుకుందాం

బ్రెజిల్ రాక్ బ్యాండ్ ఓస్ పారాలామాస్ దో సుసెస్సో గురించి ఎవరు రాసినా, గాయకుడు, గిటారిస్టు హెర్బర్ట్ వియానా పేరు రాగానే కథ నేరుగా 2001 ఫిబ్రవరి 4కు వెళ్లిపోతుంది. ఆ రోజు రియో రాష్ట్రంలోని మంగరచిబా దగ్గర ఆయన నడుపుతున్న అల్ట్రాలైట్ విమానం సముద్రంలో కూలింది. భార్య లూసీ చనిపోయారు. ఆయన కోమాలోంచి బయటపడ్డారు గానీ కాళ్లు చచ్చుబడ్డాయి, జ్ఞాపకశక్తీ దెబ్బతింది. అది మామూలు విషాదం కాదు, నిజమే. అయినా ఒక కళాకారుడి జీవితకాలపు పనంతటినీ ఆ ఒక్క రోజుకు ముడిపెట్టి, తర్వాత ఆయన ఏం వాయించినా విధిని గెలిచాడంటూ చప్పట్లు కొట్టి ఊరుకోవడం అన్యాయమని మా అభిప్రాయం.

ముందు ఆ వాయింపు వినాలి. 1961లో జోవావ్ పెస్సోవాలో పుట్టిన హెర్బర్ట్, తండ్రి వైమానిక దళ అధికారి కావడంతో బ్రెజీలియాలో కొన్నేళ్లు పెరిగారు, అక్కడ స్నేహితుడైన బీ రిబేరో బేస్ గిటార్ పట్టాడు, తర్వాత జోవావ్ బరోనే డ్రమ్స్ మీదికి వచ్చాడు. ముగ్గురే కాబట్టి గిటారిస్టు తప్పు చేస్తే కప్పిపుచ్చడానికి ఇంకెవరూ ఉండరు. అలాంటి చోట హెర్బర్ట్ జమైకా రెగే పద్ధతి పట్టుకుని, దరువు పడే చోట వదిలేసి రెండు దరువుల మధ్య ఖాళీలో తీగల్ని టక్కున కొట్టి వెంటనే నొక్కేస్తారు, ఆ చిన్న నిశ్శబ్దంలోంచి బేస్ ముందుకొస్తుంది. 1986 నాటి ‘అలగాదోస్’ పాటలో ఇది స్పష్టంగా వినిపిస్తుంది. బ్రెజిల్ నగరం సాల్వడార్‌లో నీళ్ల మీద గుంజలు పాతి కట్టుకున్న గుడిసెల్నీ, రియోలోని మరే బస్తీనీ, జమైకాలోని పేదల వాడ ట్రెంచ్‌టౌన్‌నీ ఒకే పాటలోకి తెచ్చారు. కాళ్లు కదిలించే పాటలో పేదల ఆకలిని ఇంత సూటిగా పెట్టడం చాలా కష్టం.

నోరు కూడా అంతే సూటి. 1985 జనవరిలో మొదటి రాక్ ఇన్ రియో సంగీతోత్సవంలో విదేశీ హెవీ మెటల్ బ్యాండ్ల కోసం వచ్చిన జనం సొంత దేశపు కళాకారుల్ని గేలి చేస్తుంటే, ఇరవై మూడేళ్ల హెర్బర్ట్ మైకులోనే వాళ్లకు చెప్పారు, రాళ్లు వేయడానికి రాకుండా ఇంట్లో కూర్చుని గిటార్ నేర్చుకోండి, వచ్చేసారి ఈ స్టేజి మీద మీరే ఉండొచ్చని. 21 ఏళ్ల సైనిక పాలన ముగింపుకొస్తూ, ఆ ఉత్సవం నడుస్తుండగానే పౌర అధ్యక్షుడు ఎన్నికైన రోజులవి. పదేళ్లకు, పార్లమెంటులో మూడొందల మంది మోసగాళ్లున్నారన్న, తర్వాత దేశాధ్యక్షుడైన నేత లూలా మాటను పాటగా కట్టారు. దేశ రాజధాని బ్రెజీలియా కచేరీలో ఆ పాట పాడనివ్వలేదు. ప్రజాస్వామ్యం వచ్చాక కూడా ఒక పాటకు నేతలు భయపడ్డారంటే ఆ పాట తగలాల్సిన చోటే తగిలింది.

ప్రమాదం తర్వాతి కథలో మాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది బీ, బరోనేల నిర్ణయం. కొత్త గాయకుణ్ణి తెచ్చుకుని టూర్లకు వెళ్లిపోయే దారి ఎప్పుడూ ఉంది, వాళ్లు వెళ్లలేదు. హెర్బర్ట్ అంతకుముందే రాసిపెట్టుకున్న పాటలే ఎక్కువగా ఉన్న ‘లోంగో కమీన్యో’ ఆల్బమ్ 2002లో వచ్చింది. అప్పట్నుంచీ ఆయన వీల్‌చైర్‌లోనే కచేరీలు చేస్తున్నారు. ఒక్క విషయం ఆలోచించండి, ఎలక్ట్రిక్ గిటార్ సౌండ్ మార్చే పెడల్స్ కాలి కింద ఉంటాయి. పాట మధ్యలో సోలో మొదలయ్యే క్షణానికి నొక్కాలి. కాలు కదలని వాద్యకారుడికి ఆ పని ఇంకొకరు చేసిపెట్టాలి, లేదంటే వాయించే తీరే మార్చుకోవాలి. సంకల్పబలం అని పొగిడేవాళ్లు ఈ సాధన గురించి, ఇందుకు కావలసిన మనుషుల గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడరు.

వేదికెక్కే వికలాంగ కళాకారుల గురించి బ్రెజిల్‌లో చట్టం ఆలోచించింది. ప్రేక్షకుల సీట్లే కాదు, కళాకారులు తిరిగే వేదిక పక్క భాగాలు, మేకప్ గదులు కూడా వికలాంగులకు అందుబాటులో ఉండాలని 2004 డిసెంబర్ నాటి 5,296వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు (డిక్రీ) చెబుతోంది. పేరున్న బ్యాండ్‌కు సొంత సిబ్బంది ఉంటారు, ర్యాంపు లేకపోతే తెప్పించుకుంటారు. పేరు లేని కుర్రాడు వీల్‌చైర్‌లో గిటార్‌తో ఒక చిన్న ఊరి మున్సిపల్ థియేటర్‌కు వస్తే స్టేజి వెనక మెట్ల దగ్గరే ఆగిపోతాడు. హెర్బర్ట్‌ను సన్మానించాలనుకునే మున్సిపాలిటీలు ముందు ఆ మెట్ల సంగతి చూడాలి.