‘గర్ల్‌హుడ్’ సావాసదోషం కథ కాదు మహాప్రభో

సెలీన్ సియామా తీసిన ఫ్రెంచ్ సినిమా ‘గర్ల్‌హుడ్’ గురించి ఒక మాట తెగ తిరుగుతోంది. ‘బాయ్‌హుడ్‌కి ఫ్రెంచ్ కాపీ, బుద్ధిగా చదువుకునే పిల్ల చెడు సావాసం పట్టి ఎలా పాడైపోయిందో చూపిస్తారు, కథంటూ ఏమీ లేదు, నలుగురు పిల్లల్ని వాళ్ల మానాన వదిలేసి కెమెరా పెట్టారు’ అని. నాకే ముగ్గురు పంపారు. సినిమా చూశారా అని అడిగితే ఒకాయన ట్రైలర్ చూశాడట. నేను రెండుసార్లు చూశాను కాబట్టి చెప్తున్నా. కథంతా బయటపడిపోతుంది, చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

కాపీ సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. దీని అసలు పేరు ‘బాండ్ ద ఫీయ్’, అంటే అమ్మాయిల గ్యాంగ్. ‘గర్ల్‌హుడ్’ అన్నది ఇంగ్లీషువాళ్ల కోసం పెట్టిన పేరు. ‘బాయ్‌హుడ్’ అనే అమెరికన్ సినిమా మొదటిసారి తెరమీదకొచ్చింది 2014 జనవరిలో, అమెరికాలో జరిగే సన్‌డాన్స్ చిత్రోత్సవంలో. ఇది అదే ఏడాది మే నెలలో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్ అనే విభాగంలో మొదటి సినిమాగా పడింది. నాలుగు నెలల్లో చూసి, రాసి, తీసి, ఎడిట్ చేసేశారా? అదొక అబ్బాయి మీద పన్నెండేళ్లు తీసిన సినిమా, ఇది పారిస్ శివార్లలో పదహారేళ్ల నల్లజాతి అమ్మాయి జీవితంలో కొన్ని నెలలు. పేరులో ‘హుడ్’ ఉంటే కాపీ అయిపోతే ఇంక చెప్పేదేముంది.

అసలు నాకు ఒళ్లు మండింది రెండో మాటకి. చెడు సావాసం! మనకి ఇది బాగా అలవాటైన లెక్క. పిల్ల ఎందుకిలా అయిందంటే ఎవరితో తిరిగిందో చూడు అంటాం, ఇంట్లో ఏం జరిగిందో మాత్రం అడగం. ఈ సినిమాలో ఏది ముందు, ఏది వెనక అన్నది చూడండి చాలు.

కథానాయిక మారియెమ్ ఆ గ్యాంగుని కలవకముందే బడిలో ఒక సీన్ ఉంది. టీచరమ్మ మొహం మనకి కనపడదు, గొంతు మాత్రమే వినిపిస్తుంది, కెమెరా మొత్తం మారియెమ్ మొహం మీదే. అప్పటికే తరగతి తప్పింది కాబట్టి మామూలు లిసేకి, అంటే మన ఇంటర్ లాంటి చదువుకి పంపడం కుదరదు, ఏదో ఒక పని నేర్పే కోర్సులో చేరమంటుంది ఆవిడ. అందరిలా మామూలుగా చదువుకుంటానని ఈ పిల్ల బతిమాలుతుంది. కుదరదు. ఆ గదిలోంచి బయటకి వచ్చాకే ఆ గ్యాంగు అమ్మాయిలు ముగ్గురూ, లేడీ, అదియాతు, ఫిలీ అనేవాళ్లు, కనిపిస్తారు. బుద్ధిగా చదువుకునే పిల్లని వీళ్లొచ్చి చెడగొట్టలేదు, చదువు తలుపు మూసేశాక వీళ్లు కనిపించారు. ఇంట్లో చూస్తే అమ్మ క్లీనింగ్ పనికి పోతుంది, చెల్లెళ్లని ఈ పిల్లే చూసుకోవాలి, అన్న చెయ్యి చేసుకుంటాడు. ఆ అన్న చెల్లెలితో ప్రేమగా ఉన్నది ఒక్కసారే. ఆమె వీధిలో ఇంకో పిల్లని చిత్తుగా కొట్టి గెలిచిన రోజున పక్కన కూర్చోబెట్టుకుని వీడియో గేమ్ ఆడనిస్తాడు. అదే చెల్లెలు ఒక అబ్బాయిని ఇష్టపడిందని తెలియగానే మళ్లీ కొడతాడు. ఇల్లు వదిలింది ఆ దెబ్బలకి. అబూ అనేవాడి దగ్గర డ్రగ్స్ చేరవేసే పనిలోకి వెళ్లింది ఆ తర్వాతే, అక్కడికి స్నేహితురాళ్లు ఆమె వెంట రాలేదు. చెడగొట్టారన్నవాళ్లు చెడిపోయిందన్న చోట లేనేలేరు, ఇదెక్కడి సావాసదోషం?

అలాగని వాళ్లు బంగారు తల్లులని నేననడం లేదు. దొంగతనాలు చేస్తారు, బడి పిల్లల్ని బెదిరించి డబ్బులు గుంజుతారు, మారియెమ్ కూడా ఆ పని చేస్తుంది. ఆ డబ్బుతోనే ఒక రాత్రికి హోటల్ గది తీసుకుంటారు. అన్న ఫోన్ చేస్తుంటే ఎత్తొద్దంటుంది లేడీ, ‘నా ఇష్టం వచ్చింది నేను చేస్తాను’ అని మారియెమ్ నోటితో అనిపిస్తుంది. తర్వాత నీలం వెలుగులో రిహానా ‘డైమండ్స్’ పాట. ఒంటిమీద కొట్టుకొచ్చిన డ్రెస్సులు, షాపువాళ్లు తగిలించిన ట్యాగులు ఇంకా వాటికే ఉన్నాయి. ముందు ముగ్గురే ఆడుతుంటారు, మారియెమ్ మంచం మీద కూర్చుని చూస్తూ ఉంటుంది, కాసేపటికి లేచి కలుస్తుంది. పాట మధ్యలో ఎక్కడా కోయలేదు. నా మటుకు నాకు ఆ నాలుగు నిమిషాలే సినిమా. బయట షాపులో అడుగుపెడితే సేల్స్ అమ్మాయి వెనకాలే తిరుగుతుంది దొంగల్ని చూసినట్టు, ఇక్కడ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని ఎంత బాగున్నామో అనుకుంటున్నారు.

ఇక ‘వాళ్ల మానాన వదిలేశారు’ అన్నది. అమ్మాయిలు కొత్తవాళ్లే, నిజం. మారియెమ్‌గా వేసిన కరిజా టూరేని పారిస్‌లో ఒక తిరునాళ్లలో చూసి ఎంచుకున్నారు. కానీ కొత్తవాళ్లయితే నటన కాదా? ఆమెకి ఫ్రాన్స్ సినిమావాళ్లిచ్చే సెజార్ అవార్డుల్లో కొత్త నటి విభాగంలో నామినేషన్ వచ్చింది, ఊరికే నిలబడితే ఇస్తారా? స్క్రిప్టు రాసింది సియామానే. మొదటి సీనులో అమ్మాయిలు అరుచుకుంటూ అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతారు, కబుర్లాడుకుంటూ గుంపుగా ఇంటికి నడుస్తారు, అపార్టుమెంట్ల దగ్గర మగపిల్లలు కనపడగానే ఒక్కొక్కరి గొంతూ తగ్గిపోతుంది. కెమెరా పెట్టేసి వెళ్లిపోతే ఇలాంటిది దొరకదు.

దీనిమీద అనాలంటే అనదగ్గ మాట వేరే ఉంది. నల్లజాతి పిల్లల కథ తీసింది తెల్లజాతి దర్శకురాలు, పైగా చివరి భాగంలో డ్రగ్స్ గొడవ శివారు పేటల సినిమాల్లో అరిగిపోయిన సరుకే కదా అని కొందరన్నారు. ఆ మాటని నేను కొట్టిపారేయలేను, రెండోసారి చూసినప్పుడు ఆ అరగంట నాకూ పల్చగానే అనిపించింది.

పాడైపోయింది అన్నారు కదా, ఆఖరి షాటు చెప్తాను. మారియెమ్ తన ఇంటి కింద నిలబడి బెల్లు నొక్కుతుంది, లోపలికి మాత్రం వెళ్లదు. ఏడుస్తుంది. కెమెరా ఆమెని దాటి ముందుకు పోతుంది, వెనకాల మసకగా కనిపిస్తున్నది తప్ప తెరమీద ఇంకేం ఉండదు. అయిపోయింది అనుకుంటాం. అప్పుడు ఆమె మళ్లీ ఫ్రేములోకి వచ్చి, ముందుకి నడిచి వెళ్లిపోతుంది. ఆ మాట రాసినాయన అంతదాకా కూర్చోలేదని నా అనుమానం.