మార్కులు టీమ్‌కి, టెన్షన్ ఒక్కళ్లకి

కరోనా పోయింది గానీ ఆన్‌లైన్ టీమ్ ప్రాజెక్టులు పోలేదు, పోవాలని మేమూ అనట్లేదు. రేపు మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగంలో చేరితే ఒకళ్లు పుణెలో, ఒకళ్లు అమెరికాలో ఉండే టీమ్‌తోనే పని చెయ్యాలి కాబట్టి కాల్‌లో సూటిగా మాట్లాడ్డం, అర్థమయ్యేలా మెయిల్ రాయడం, గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే సైట్‌లో ఒకరి కోడ్ మీద ఇంకొకరు పని చెయ్యడం కాలేజీలోనే అలవాటైతే మంచిదే. కానీ ఇవన్నీ నేర్చుకునే ఛాన్స్ ఎవరికి దక్కుతోంది?

హైదరాబాద్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలా ప్రాజెక్ట్ బ్యాచ్‌ల, అంటే టీమ్‌ల పరిస్థితి ఇదే, ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్లే కాల్‌లో మాట్లాడతారు, కోడింగ్ వచ్చిన ఒక్కళ్లే కోడ్ మొత్తం రాస్తారు, మిగతావాళ్లకి పీపీటీ. వచ్చినవాళ్లకే ఇంకా వస్తోంది. హాస్టల్ రూమ్‌లో నలుగురి మధ్య కూర్చుని, చెప్పాల్సిన ఒక్క ముక్కని మనసులోనే ఇంగ్లీష్‌లోకి మార్చుకుని, మ్యూట్ తీసేలోపు టాపిక్ మారిపోతే మళ్లీ నోరెత్తని తెలుగు మీడియం పిల్లలు ఎంతమందో. అదే క్లాసులో అయితే పక్కనున్న ఫ్రెండ్‌ని మెల్లగా అడిగేవాళ్లు. అటు పనంతా నెత్తినేసుకున్నవాళ్ల టెన్షన్ వేరు, గ్రూప్‌లో మెసేజ్ పెడితే బ్లూ టిక్‌లు పడతాయి గానీ జవాబు రాదు, తెల్లారితే రివ్యూ. చివరికి అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్ట్ కొనేసి గట్టెక్కేవాళ్లూ ఉన్నారు.

తాడు లాగేవాళ్లు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతుందని ఫ్రాన్స్‌కి చెందిన రింగెల్‌మాన్ 1913లోనే రాశారు, ఎవరి వంతు ఎంతో విడిగా తెలిసేలా ఉంటే ఎగ్గొట్టడం తగ్గుతుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. ఆన్‌లైన్‌లో ఆ లెక్క తియ్యడం ఇంకా ఈజీ కదా, ఎవరు ఏ రోజు ఏం రాశారో గిట్‌హబ్‌లో, గూగుల్ డాక్స్‌లో హిస్టరీ మొత్తం ఉంటుంది. గైడ్‌లు, అంటే ప్రాజెక్ట్ చూసే లెక్చరర్లు అది తెరిచి చూడాలి, అందరికీ ఒకే మార్కులు వేసే పద్ధతి ఆపాలి. కాల్‌లో మాట్లాడే బాధ్యత వారానికొకరికి మార్చాలి, మొదటి కొన్ని మీటింగ్‌లు తెలుగులో జరిగితే కొంపలేం మునగవు. కెమెరా ఆన్ చెయ్యకపోతే మార్కులు కట్ అనే రూల్ అసలు వద్దు, గంటల తరబడి స్క్రీన్ మీద సొంత మొహం చూసుకోవడం కూడా అలసటకి ఒక కారణమని స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ బెయిలెన్సన్ 2021లోనే చెప్పారు.

గైడ్‌లకి బ్యాచ్‌లు ఎక్కువ, టైమ్ తక్కువ, ఆ సంగతి మాకూ తెలుసు. అందుకే దీన్ని గైడ్‌ల మంచితనానికి వదిలెయ్యకుండా యూనివర్సిటీలే ప్రాజెక్ట్ రూల్స్‌లో రాసిపెట్టాలి, అదీ వచ్చే సెమిస్టర్ బ్యాచ్‌లు వెయ్యకముందే. టెన్షన్ తట్టుకోలేని స్థితిలో ఉన్నవాళ్లు మాత్రం అప్పటిదాకా ఆగొద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.