గరిటెకు పన్నెండు నిమిషాల గృహనిర్బంధం

మన దేశంలో దేనికి పడితే దానికి చట్టం ఉంది గానీ, వంటింట్లో గరిటె దుర్వినియోగాన్ని అరికట్టే చట్టం మాత్రం ఇంతవరకూ రాలేదు. ఈ లోటు ఎంత ప్రమాదకరమో ఇంట్లో ఫిదెవా వండబోయేవారికి చప్పున తెలిసొస్తుంది.

స్పెయిన్‌లో వలెన్సియా తీరాన ఉన్న గాండియావాళ్ల వంటకం ఇది. వెడల్పు పెనంలో వండే అక్కడి అన్నం వంటకం పేయ్యాలాంటిదే, బియ్యానికి బదులు పొట్టి నూడుల్స్ పడతాయి. వందేళ్ల కిందట ఒక చేపల పడవలో కెప్టెన్‌గారికి అన్నమంటే మహా ప్రీతి, పక్కవాళ్ల వాటా కూడా ఆయన పొట్టలోకే పోయేదట. ఆ పీడ వదిలించుకోవడానికి గాబ్రియేలో అనే వంటవాడు నూడుల్స్ వేసి చూశాడని అక్కడి కథ. వంటకం అద్భుతంగా కుదిరి పథకం బెడిసికొట్టింది. పైవాడి తిండి తగ్గించాలన్న పథకాలు ఏ దేశంలోనైనా ఇలాగే ముగుస్తాయి.

నేరం ఎక్కడ జరుగుతుందో చూద్దాం. నలుగురికి 400 గ్రాముల నూడుల్స్, సుమారు 1.2 లీటర్ల వేడి చేపల రసం, 40 సెంటీమీటర్ల వెడల్పు పెనం. ఆ రసం కోసం రొయ్య తలలు, పెంకులు, తెల్లచేప ముళ్లు ఇరవై అయిదు నిమిషాలకు మించి మరిగిస్తే రసం చేదెక్కుతుంది. గంటలకొద్దీ కాచిన పులుసే గొప్పదనేవారు ఇక్కడ నోరు మెదపకుండా ఉండటం మంచిది. ఉప్పు ఒక పిసరు ఎక్కువే ఉండాలి, నూడుల్స్ దాన్ని పీల్చేసుకుంటాయి.

ఆలివ్ నూనెలో రొయ్యల్ని రెండు వైపులా నిమిషం చొప్పున వేయించి తీసి పక్కన పెట్టాలి. పొయ్యి మీదే వదిలేస్తే చెప్పులకు అట్టలుగా పనికొస్తాయి. అదే నూనెలో స్క్విడ్ ముక్కలు, వెల్లుల్లి, తర్వాత చెంచాడు కారం లేని ఎర్ర మిరపపొడి. పొడి పడగానే తురిమిన టమాటా పడాలి. నాలుగు క్షణాలు ఆలస్యమైతే పొడి మాడి, ఆ చేదు చివరి ముద్ద దాకా వెంటాడుతుంది. టమాటా నీరు ఇగిరి నూనె తేలాక నూడుల్స్ వేసి రెండు నిమిషాలు తిప్పాలి. తర్వాత కుంకుమపువ్వు కలిపిన రసం పోసి, అంతా సమంగా సర్ది...

ఇక్కడే చట్టం అమల్లోకి రావాలి: ఇక పన్నెండు నిమిషాలు గరిటె పెనం జోలికి పోకూడదు. ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అన్నారు. కానీ ఉప్మా తిప్పి తిప్పి అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? కలిపిన కొద్దీ పిండి వదిలి రసం జిగురవుతుంది, అడుగున కట్టాల్సిన ఎర్రటి పెచ్చు కట్టదు, వడ్డించేసరికి పెనంలో ఉన్నది సంకటి. మొదటి నాలుగు నిమిషాలు పెద్ద మంట, మిగతా ఎనిమిదీ సన్న మంట. చివర్లో రొయ్యలు పైన పేర్చాలి. రసం కనబడకుండా పోయి, చిటపటమన్న చప్పుడు వినగానే దించి అయిదు నిమిషాలు వదిలేయాలి.

నూడుల్స్ దొరక్క సన్న సేమ్యా వాడేవారు రసం 800 మిల్లీలీటర్లకు తగ్గించాలి, ఆరు నిమిషాల్లో చూడాలి. సేమ్యా ముందే వేయించినదైనా నూనెలో మళ్లీ దోరగా వేయించాలి. పాయసపు ధోరణిలో జీడిపప్పు వేయాలని ప్రతిపాదించే సభ్యుణ్ణి సస్పెండ్ చేయవచ్చు.

ఈ పన్నెండు నిమిషాలూ ఖాళీగా ఉండలేని చేతులకు ఉపాధి హామీ కల్పించాలి. వాళ్లకు రోలిచ్చి, ఫిదెవాలో నంజుకునే వెల్లుల్లి ముద్ద అలియోలి చేయమనండి: నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు మెత్తగా నూరి, ఆలివ్ నూనె చుక్కచుక్కగా పోస్తూ ఒకే దిక్కుకు తిప్పడం. తొందరపడితే విరుగుతుంది. విరిగితే కొత్తగా రెండు రెబ్బలు నూరుకుని, విరిగినదాన్నే చుక్కలుగా దాన్లో కలుపుతూ మళ్లీ మొదలు పెట్టాలి.